అడ్జస్ట్ చేస్త వదినా!

కుదిరిన పెళ్లి సంబంధాన్ని ఒక్క మాటతో చెడగొట్టబోయిన ఘనుణ్ని నేను. ఆ మాట తిట్టేమీ కాదు. అడ్జస్ట్.

మా పటాన్‌చెరు వైపు ఆ మాట లేకపోతే పొద్దు గడవదు. షేర్ ఆటోలో ముగ్గురి సీట్లోకి ఐదో మనిషిని తోస్తూ "జెర అడ్జస్ట్ గాండ్రి" అంటాడు డ్రైవరు. నల్లా రాని రోజు ఇంటి ఓనరు అడ్జస్ట్ కమ్మంటాడు. క్యాంటీన్ పప్పులో ఉప్పు ఎక్కువైతే నీళ్లు పోసి అడ్జస్ట్ చేస్తారు. ఇక ఫ్యాక్టరీలో షిఫ్టులు మార్చుకోవడానికి వేరే మాటే లేదు. ఆ రోజుల్లో నేనైతే, ఎదుటివాళ్లు అడగడం పూర్తికాకముందే "అడ్జస్ట్ చేస్త" అనేవాణ్ని. అన్నప్పుడల్లా కాస్త పొడుగైనట్టు అనిపించేది మరి!

దానియేలన్నా నేనూ ఒకే బాయిలర్ మీద వంతులవారీగా పనిచేసేవాళ్లం. మాకొక కట్టుబాటు ఉంది. తర్వాతి షిఫ్టు మనిషి, అంటే రిలీవర్, వచ్చి నిలబడితే తప్ప బాయిలర్ వదిలి కదలకూడదు. ఇంట్లో ఏం జరుగుతున్నా సరే.

అన్న కూతురి ప్రధానం, అదే, ఉంగరాలు మార్చుకునే వేడుక, ఆదివారం సాయంత్రానికి కుదిరింది.

"తమ్మీ, ఆ దినం నాకు పొద్దటి డ్యూటీ. మధ్యాహ్నం వచ్చేటాయన లీవుల ఉన్నడు. నువ్వొచ్చి నన్ను ఇడిపిస్తవా?"

"గదెంత పని అన్నా! అడ్జస్ట్ చేస్త."

శనివారం ఆయన భార్య మేరీ వదిన ఫోన్ చేసింది. "రాజూ, రేపు పిల్లగానోళ్లు హత్నూర నుంచి వస్తున్రు. వాళ్లకు మన ఇల్లు తెల్వదు. ముత్తంగి కాడ నిలబడి తోల్కొస్తవా?"

"అడ్జస్ట్ చేస్త వదినా!"

ఈ రెండో మాట లోపలికి రాగానే మొదటిది బయటికి పోయింది. నా బుర్ర కూడా ముగ్గురి సీటే.

ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వాళ్ల వ్యానుకు ముందు బండి నడుపుతూ బీరంగూడలో అన్న ఇంటికి తీసుకొచ్చాను. పెద్దమనుషుల ముందు మోగితే బాగుండదని ఫోను సైలెంట్‌లో పెట్టాను. మంచినీళ్లు, మిర్చిబజ్జీలు అన్నీ నా చేతుల మీదుగానే. అందరూ ఉన్నారు, పిల్ల తండ్రి తప్ప.

పాస్టరుగారు గడియారం చూసుకున్నారు. "నాకు ఇంకో ఇంట్ల ప్రార్థన ఉన్నదమ్మా."

పెళ్లికొడుకు తండ్రి ముఖం ముడుచుకుంది. "పిల్ల తండ్రికి ఈ సంబంధం ఇష్టం లేనట్టుంది. చెప్తే మేం రాకనే పోదుం."

"అట్లనకుండ్రి అన్నయ్యా," వదిన వాకిలి వైపు చూసింది. "రిలీవర్ రాలేదేమో."

నాకు రోషం పొడుచుకొచ్చింది. "వాడెవడో గాని వదినా, వానికి సోయి ఉన్నదా? ఆడపిల్ల తండ్రిని బాయిలర్ కాడ నిలబెట్టి యాడ తిరుగుతున్నడో! గసొంటోన్ని నౌకరి నుంచి తీసెయ్యాలె!"

"బాగ చెప్పినవ్ బాబూ," అన్నాడు పెళ్లికొడుకు తండ్రి. ఆ మెప్పుకు ఇంకో రెండు తిట్లు కలిపాను.

అప్పుడే వదిన ఫోను మోగింది. అందరూ వినాలని స్పీకర్ పెట్టింది.

"మేరీ, సూపర్‌వైజర్ ఫోన్‌ల నుంచి మాట్లాడుతున్న. రాజు ఇంక రాలే. ఫోన్ ఎత్తుతలేడు. అడ్జస్ట్ చేస్తనన్నోడు గట్ల ఎగ్గొట్టడు. తొవ్వల ఏమన్న అయ్యిందేమో, నాకు ఫికరైతున్నది. ఎవరినన్న పంపి సూడుమను."

గదిలో ఉన్న కళ్లన్నీ నా మీదికి తిరిగాయి. కొరికిన మిర్చి మింగలేను, కక్కలేను. ఆయన నన్ను బండబూతులు తిట్టినా ఇంత సిగ్గుపడేవాణ్ని కాదు.

బండి ఎలా నడిపానో గుర్తు లేదు. గేటు దాటి పరుగెత్తుకెళ్తే దానియేలన్న నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "మంచిగనే ఉన్నవు గద తమ్మీ?" అని, బట్టలైనా మార్చుకోకుండా పరుగు తీశాడు.

కూతురి ప్రధానంలో ఆయన మసి యూనిఫాంతోనే నిలబడ్డాడట. "ఏం ఫరక్ పడది బావా, మేం అడ్జస్ట్ అయితం," అన్నాడట వియ్యంకుడు. అది విన్నప్పుడు నా చెవులు బాయిలర్ కంటే ఎక్కువ కాలాయి.

నెల తిరక్కుండా దానియేలన్న పెళ్లిపత్రిక తెచ్చి నా చేతిలో పెట్టాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "అన్నా, పెండ్లికి నేనేం పని చెయ్యాలె?"

"నీకు ఒక్కటే పని తమ్మీ," అన్నాడు భుజం తట్టి. "ఆ దినం డ్యూటీకి పో."

వెళ్లాను. పెళ్లి బిర్యానీ టిఫిన్ డబ్బాలో నా దగ్గరికే వచ్చింది. ఆ బాయిలర్ సాక్షిగా, ఆ డబ్బా మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఎవరికీ ఏదీ అడ్జస్ట్ చేయను. షేర్ ఆటోలో ఎవరైనా అడ్జస్ట్ కమ్మంటే, దిగి నడిచిపోతాను.