ఎండలో అచ్చువేసిన ముగ్గు

ఢిల్లీ సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో మా ఎదురింటి సునీతా దీదీకి గువాహటి బదిలీ అయింది. రోజూ పొద్దున్నే మా గుమ్మం ముందు ముగ్గు దగ్గర ఆగి, "అచ్ఛా, ఈరోజు చుక్కలదా?" అని అడిగాకే ఆవిడ ఆఫీసుకు వెళ్లేది. సామాను సర్దుతూ ఒకరోజు, "ఫ్రిజ్ వస్తుంది, సోఫా వస్తుంది, నీ ముగ్గు మాత్రం రాదు కదా" అంది. నాకు ఏడుపొచ్చింది. ఎండతో నీలం అచ్చులు తీయడం, అంటే సయనోటైప్, నాకు పాత సరదా. రసాయనం పూసిన కాగితం మీద ఎండ తగిలిన చోటు నీలమవుతుంది, కప్పిన చోటు తెల్లగా మిగులుతుంది. ఆదివారం సాయంత్రం ఆవిడ రైలెక్కేలోపు ఒక ముగ్గును కాగితం మీదికి ఎక్కించి చేతికివ్వాలనుకున్నాను.

శనివారం కాగితం కోసం ఐఎన్ఏలో మెట్రో ఎల్లో లైన్ ఎక్కాను. ఎక్కడా మారకుండా నేరుగా పాత ఢిల్లీలోని చావ్డీ బజార్‌లో దిగవచ్చు. పదకొండు దాటాక వెళ్తేనే దుకాణాలు తెరిచి ఉంటాయి. గల్లీ నిండా పెళ్లికార్డులే.

"షాదీ ఎవరిది దీదీ?" అన్నాడు దుకాణదారు, మెరుపు కాగితాలు పరుస్తూ.

"ముగ్గుది భయ్యా. నీళ్లలో నానినా చిరగని నూలు కాగితం ఇవ్వండి. సుద్ద కలిసింది వద్దు, నీలం వెలిసిపోతుంది."

అతను నవ్వుతూ లోపలినుంచి దళసరి చేతి కాగితం తెచ్చాడు. షీటు ఎనభై రూపాయలు. రెండు కొన్నాను.

ఆదివారం పొద్దున కర్టెన్లు మూసిన గదిలో రసాయనాలు కలిపి, రెండు షీట్లకూ పూసి, ఫ్యాను కింద ఆరబెట్టాను. మధ్యాహ్నం ఒకదాని మీద ముగ్గు వేశాను. మా ఆయన దాన్ని ట్రేలో, నిండు సాంబారు గిన్నె మోసినంత జాగ్రత్తగా, డాబా మీదికి చేర్చారు. ఢిల్లీ మసక ఎండ కాబట్టి అరగంట పైనే ఉంచాం. తీరా కడిగితే గీతల చుట్టూ నీలం పోయి పసుపు మరకలు తేలాయి.

"ఏం పిండి వేశావు?" అన్నారాయన.

"ముగ్గుపిండే."

"అది సుద్దే కదా తల్లీ."

సుద్ద లేని కాగితం కోసం పాత ఢిల్లీ దాకా పోయి, దాని మీద గుప్పెడు సుద్ద నేనే పోశాను. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వు ఆగాక భయం వేసింది. మిగిలింది ఒక్క షీటు, ఎండేమో వాలిపోతోంది.

ఈసారి బియ్యప్పిండితో వేసి మళ్లీ ఎండలో పెట్టాను. కడుగుతుంటే పిండి జారిపోయి, ముదురు నీలం మీద తెల్లటి చుక్కలూ మెలికలూ బయటపడ్డాయి. హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టి పరుగున తీసుకెళ్లాను. దీదీ దాన్ని రెండు చేతులతో అందుకుంది.

"గోడకు పెట్టాలా, గుమ్మం ముందా?"

"గోడకే దీదీ. గుమ్మం ముందైతే తుడిచెయ్యాలి."

"ఠీక్ హై. దీన్ని నేను తుడవను" అని నన్ను గట్టిగా పట్టుకుంది.

రేపు మళ్లీ వేసుకునేదే కదా అని ఇన్నేళ్లలో ఏ ముగ్గునూ దాచుకోలేదు. ఆ ఒక్కటి మాత్రం ఇంకోసారి చూసుకోవాలనిపిస్తోంది. మీరూ ఎవరికైనా ఇలా అచ్చు తీసి ఇవ్వాలనుకుంటే షీట్లు మూడు కొనండి. ఒకటి పాడవుతుంది, ఒకటి వెళ్లిపోతుంది, ఒకటి మీకు మిగలాలి.