దొరసాని కూర్చున్న పెట్టెలు

మా విమానాశ్రయపు సరుకుల షెడ్డులో అతన్ని అందరూ ముక్కు మాస్టారు అనేవారు. ఆ ముక్కు అతనిది కాదు, దొరసానిది. దొరసాని అంటే అతను పట్టీ పట్టుకుని నడిపించే నల్లకుక్క. విమానం ఎక్కబోయే పెట్టెల వరుస పక్కన నడుస్తూ, పేలుడు పదార్థం వాసన తగిలితే మొరగకుండా, గోళ్లతో గీరకుండా ఆ పెట్టె ముందు కూర్చోవడం దాని పని. అది కూర్చుంటే పెట్టె విప్పవలసిందే. ఎవరి సిఫారసూ చెల్లదు. ఆ షెడ్డుకు భద్రతాధికారిగా ఉన్నంత కాలం ఆ నియమాన్ని నేను సమర్థించాను. ఇప్పటికీ సమర్థిస్తాను.

అతను మొదట పెట్టెలు మోసే పనిలో చేరాడు. కుక్కల శిక్షణకు మనుషులు కావాలన్నప్పుడు, కుక్కంటే భయపడనివాడు షెడ్డు మొత్తంలో అతనొక్కడే కనబడ్డాడు. ఆ తరువాత అతని జీవితమంతా ఆ కుక్క చుట్టూ అల్లుకుంది. దాని ముక్కుకు అడ్డు రాకూడదని వాసన లేని సబ్బు వాడేవాడు. భార్య తలకు పూలనూనె రాసుకుంటే, ఆ పూట చాప తీసుకుని వరండాలోకి వెళ్లిపోయేవాడు.

"పెళ్లి నాతో అయింది, కాపురం దానితో చేస్తున్నారు" అనేది ఆమె, నా ఎదుటే.

మా ఊరి నుంచి రోజూ సాయంత్రం ఒకే పెద్ద విమానం బయలుదేరేది. మీద సీట్లు సగం ఖాళీ. "ఈ దారిలో మమ్మల్ని పోషించేది కిందున్న పెట్టెలేనండీ, పైనున్న మనుషులు కాదు" అనేవాడు విమాన సంస్థ మేనేజరు. అందులో అతిశయోక్తి ఉంది. కాని ఆ సరుకే లేకపోతే ఆ విమానాన్ని ఎప్పుడో ఆపేసేవారన్న మాట మాత్రం వాస్తవం. అట్టపెట్టెలు చేసేవారు, ఆక్సిజన్ సిలిండర్లు నింపేవారు, వ్యాన్లు నడిపేవారు, ఎన్నో ఇళ్లు ఆ ఒక్క విమానం కడుపును నమ్ముకుని ఉండేవి. వాటిలో ముక్కు మాస్టారి పెద్దక్క ఇల్లు ఒకటి.

ఆమె ఇంటి వెనక సిమెంటు తొట్లలో రంగుచేపలు పెంచేది. కాసిని నీళ్లు, మిగతా అంతా ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో చేపలను వేసి, మూతి బిగించి, థర్మకోల్ పెట్టెల్లో సర్ది విదేశాలకు పంపేది. ఎక్స్‌రే యంత్రానికి నీళ్లు ఒక నల్లటి ముద్దలా కనిపిస్తాయి. వెనక ఏముందో తెలియదు. అందుకని చేపల పెట్టెలకు కుక్కే దిక్కు. ఆమె తొట్లను, సర్దే గదిని ఏటా మేము స్వయంగా తనిఖీ చేసి, ఆమె పేరును నమ్మకస్తుల జాబితాలో ఉంచాము. ఆ జాబితాలో ఉన్నవారి పెట్టెలను విప్పరు. దొరసాని ఒకసారి చుట్టి వస్తే చాలు. అయితే ఒకే ఏడాదిలో మూడుసార్లు కుక్క కూర్చుంటే జాబితా నుంచి పేరు పోతుంది. ఆపైన ప్రతి సంచీ విప్పి చూడాలి. విప్పిన సంచిలోని చేప విమానం ఎక్కదు. అంటే ఆమె వ్యాపారం అక్కడితో సరి.

ఆ ఏడాది వేసవిలో ఒకసారి దొరసాని ఆమె పెట్టె ముందు కూర్చుంది. విప్పాము. చేపలు తప్ప ఏమీ లేవు. కొన్ని వారాలకు మళ్లీ కూర్చుంది. మళ్లీ చేపలే, ఈసారి చాలావరకు చచ్చిన చేపలు.

మర్నాడు పొద్దున్నే ఆమె భర్తను వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది. తమ్ముణ్ణి కూడా పిలిపించాను.

"ఏరా, నీ కుక్కకి నా మీద ఏం కసిరా?"

"దానికి కసి ఏముంటుందక్కా? ముక్కు ఉంటుంది, అంతే."

"ముక్కుంటే నా చేపల్లో ఏం వాసనేసిందో చెప్పు మరి!"

"చేపల వాసన కుక్కకి వెయ్యకపోతే ఇంకెవరికేస్తుందే" అన్నాడు ఆమె భర్త. తరువాత బావమరిది వైపు తిరిగాడు. "బావా, పెళ్లిలో నీకు బట్టలు సరిగ్గా పెట్టలేదని ఇన్నేళ్లు కడుపులో దాచుకున్నావా ఏంటి?"

ఎవరూ నవ్వలేదు. ముక్కు మాస్టారు నేలచూపులు చూస్తూ, "నాకూ అర్థం కావట్లేదు సార్" అన్నాడు నాతో.

అనుమానించడానికి ఒక కారణం దొరకకపోలేదు. తొట్లు, పెట్టెలు కడగడానికి వారు ఊదారంగు మందు వాడతారు, పర్మాంగనేటు. మందుగుండులోనూ అది కలుస్తుందని విన్నాను. అందరం దాన్ని పట్టుకుని వేలాడాము. కాని ఊహను రుజువనుకోకూడదు. ఆమె తరువాతి సరుకు వచ్చేలోపు, ఖాళీ గోదాములో పరీక్ష పెట్టించాను. కొన్ని కొత్త పెట్టెలు, ఊదా మందుతో కడిగిన అక్క పెట్టె ఒకటి, శిక్షణలో వాడే పేలుడు పదార్థపు వాసన దాచిన పెట్టె ఒకటి.

మొదటిసారి అన్నింటికీ గోనెగుడ్డలు కప్పి, ముక్కు మాస్టారిని నడిపించమన్నాము. దొరసాని వాసన దాచిన పెట్టె ముందు కూర్చుంది, అక్క పెట్టెను దాటిపోయింది. గుడ్డలు తీసి, పంపినవారి పేర్ల చీటీలు కనబడేలా ఉంచి మళ్లీ నడిపించమన్నాను. ఈసారి రెండింటి ముందూ కూర్చుంది. పగటి షిఫ్టులో కుక్కలను నడిపించే అమ్మాయికి పట్టీ ఇచ్చి, అవే పెట్టెల పక్కన నడిపించాము. అక్క పెట్టెను వాసన చూసి ముందుకు సాగింది.

ఊదా మందు నిర్దోషి అని తేలింది. ఇక మిగిలింది ఒక్క మనిషి.

"నేను పట్టీ లాగలేదు సార్. ఒట్టు."

"లాగలేదు మాస్టారూ, నేను చూశాను" అంది ఆ అమ్మాయి. "కానీ ఆ పెట్టె దగ్గర మీ అడుగు ఆగింది. ఊపిరి బిగబట్టారు. అది వెంటనే మీ మొహంలోకి చూసి కూర్చుంది."

"ఎందుకు ఆగారు?" అని అడిగాను.

"మావాళ్ల పెట్టె కదా సార్. గబగబా దాటిస్తే, అక్క సరుకని వదిలేశాడంటారు. అందుకే ఆ ఒక్కటీ ఇంకాస్త బాగా చూపించాలని..."

నా ఉద్యోగంలో పక్షపాతాలు చాలా చూశాను. పక్షపాతం అంటారని భయపడి సొంత అక్క మెడకు ఉరి బిగించినవాణ్ణి మాత్రం అతన్నే చూశాను. అతన్ని తప్పుపట్టడానికి నాకు దారి దొరకలేదు. అలాగని తప్పు లేదనడానికీ లేదు.

అతను ఈ సంగతి ఇంట్లో భార్యకు చెబితే ఆమె అందట: "ఇన్నేళ్లు కాపురం చేశాను, మీ మనసులో ఏముందో నాకు ఏనాడూ తెలియలేదు. కుక్కకి తెలిసిపోయిందా?"

ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియలేదని నాతో అన్నాడు. అంతకంటే పెద్ద అనుమానం మరొకటి అతన్ని తినేస్తోంది. వెనకటికోసారి దొరసాని ఒక పెట్టెలో నిజమైన మందుగుండు పట్టింది. అతనికి పతకం వచ్చింది. ఆ రోజు పెట్టె తెచ్చినవాడు చెమటలు కక్కుతుంటే అతను ముందే అనుమానపడ్డాడట. "అప్పుడు పట్టింది అదా సార్, నేనా?" అని అడిగాడు. మందుగుండు దొరికింది కనుక ఎవరు పడితేనేం అన్నాను. ఆ జవాబు అతనికే కాదు, నాకూ సరిపోలేదు.

చేపల సరుకు వచ్చినప్పుడు పగటి షిఫ్టు అమ్మాయే పట్టీ పట్టాలని ఏర్పాటు చేశాను. ఆ పద్ధతి కొంతకాలం సాఫీగా నడిచింది. అలా ఉండగా, ఒక సాయంత్రం ఆ అమ్మాయికి జ్వరం. చేపల పెట్టెలు షెడ్డులోకి వచ్చేశాయి. మనిషి లేడని ఆపితే చేపలు చస్తాయి; ముక్కు మాస్టారు నడిపిస్తే దొరసాని మళ్లీ కూర్చుని, లెక్కలో అది మూడోసారై, అక్క పేరు జాబితా నుంచి పోవచ్చు.

"అన్నీ కప్పేయండి సార్. ఎవరివి ఎక్కడున్నాయో నాకు తెలియకుండా కలిపేయండి" అన్నాడు అతను.

అతన్ని బయట నిలబెట్టి, ఆ రోజు సరుకంతా కలగలిపి గుడ్డలు కప్పించాను. చీటీలు గుమస్తా సరిచూశాడు. అతను దొరసానితో లోపలికి వచ్చాడు. వరుస మొదట్లో బాగానే నడిచారు. నడుమ ఒకచోట అతని అడుగు మందగించింది. నాకు అలా అనిపించింది. ప్రమాణం చేసి మాత్రం చెప్పలేను. దొరసాని కూర్చుంది.

గుడ్డ తీశాము. అది అక్క పెట్టె కాదు. వయోలిన్లు బాగుచేసే ఒక పెద్దమనిషి మొట్టమొదటిసారి విమానంలో పంపుతున్న పెట్టె.

చేపలు విమానం ఎక్కాయి. వయోలిన్ పెట్టె విప్పాము. లోపల పొట్టు, మెత్తటి గుడ్డ, కొత్తగా వార్నిషు పూసిన వయోలిన్. ఇంకేమీ లేదు. తనిఖీ పూర్తయ్యేసరికి విమానం వెళ్లిపోయింది. ఆ వాయిద్యం మర్నాడు కచేరీలో ఉండాలని, పక్కనే నిలబడ్డ ఆయన అన్నాడు.

ముక్కు మాస్టారిని పక్కకు పిలిచాను. "అక్కడ మీకేమనిపించింది?"

"అది అక్కదే అనిపించింది సార్. ఎందుకనిపించిందో తెలియదు. వార్నిషు ఘాటు దానికి తగిలిందేమో కూడా. రెండూ అయి ఉండొచ్చు."

ఆ రెండింటిలో ఏది నిజమో తేల్చే సాధనం నా దగ్గర లేదు. వార్నిషుతో మళ్లీ పరీక్ష పెట్టవచ్చు. కాని ఆ క్షణంలో అతని గుండెలో మెదిలినదాన్ని మళ్లీ రప్పించడం నా తరం కాదు.

రాత్రి బాగా పొద్దుపోయాక అతనికి అక్క ఫోను చేసింది. గొంతు నాకూ వినబడింది. "ఒరేయ్! అవతలివాళ్లు పెట్టెలు దించుకున్నారటరా. ఒక్కటంటే ఒక్కటి చావలేదట!"

"సంతోషం అక్కా" అని ఫోను పెట్టేశాడు.

వయోలిన్ల పెద్దమనిషి ఇంకా వెళ్లలేదు. నేల మీద కూర్చుని, వార్నిషుకు గీత పడిందేమోనని మరోసారి చూసుకుని, వాయిద్యానికి మళ్లీ గుడ్డ చుడుతున్నాడు. ముక్కు మాస్టారు వెళ్లి ఎదురుగా కూర్చుని గుడ్డ కొస పట్టుకున్నాడు.

"నా పెట్టెలో దానికి ఏం కనబడిందండీ?" అని అడిగాడు ఆయన, కోపం లేకుండానే.

"తెలియదండీ. దానికి వాసన తగిలిందో, నాకు భయం తగిలిందో."

"మీకు దేనికండీ భయం?"

"మా అక్క చేపలు చస్తాయని."

ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. అతన్ని, కుక్కను, నన్ను వరుసగా చూశాడు. "చేపలా?" అన్నాడు.

దొరసాని ఇప్పుడేం చెయ్యమంటావన్నట్టు అతని ముఖంలోకే చూస్తోంది. అతను ముఖం తిప్పుకుని, లేచి వచ్చి, పట్టీని నా చేతిలో పెట్టాడు.

"కాస్త పట్టుకోండి సార్."

"ఎంతసేపు?"

"అదీ తెలియట్లేదు సార్" అన్నాడు.