డప్పు అడిగితే డెమో

మా బిడ్డకు ఆరేళ్లు నిండాయి. ఏదైనా వాద్యం నేర్పిద్దామని నేనే ఇంట్లో మాట కదిపాను. ఏం కావాలని అడిగితే తడుముకోకుండా డప్పు అంది. వినాయకుణ్ణి సాగనంపేటప్పుడు మా సిరిసిల్ల వీధిలో డప్పు కొట్టినాయన ఒక్క నిమిషం దాన్ని ఆమె చేతికిచ్చాడు. అప్పటి నుంచి బియ్యం డబ్బా, స్టీలు బేసిను, నా వీపు, ఏదీ వదల్లేదు. దరువు తప్పేది కూడా కాదు.

మా అమ్మ నెత్తి కొట్టుకుంది. "సావుకు కొట్టేది ఇంట్ల ఎవలన్న వెట్టుకుంటరార? ఆడివిల్లకు గదేం బుద్ధి?"

కోరుట్ల నుంచి వచ్చిన మా బావ ఇంకో మెట్టెక్కాడు. "కీబోర్డు కొను. నలుగురు అచ్చినప్పుడు మంచిగ కనవడ్తది."

చెవులతో వినేదాన్ని కళ్లతో ఎంచే మహానుభావుడు. మొన్నటి పెళ్లిలో అదే డప్పు ముందు చొక్కా తడిసేదాకా ఎగిరింది ఈయనే. ఎగరడానికి పనికొచ్చింది గానీ గడప లోపలికి మాత్రం రాకూడదు. కొట్టేవాళ్ల కులం ఎక్కడ అంటుకుంటుందోనని వీళ్ల భయం. ఆ మాట ఎవరి నోటా రాలేదు. నా నోటా రాలేదు.

జగిత్యాలలో వాద్యాల దుకాణానికి వెళ్లాం. మా బావ లైట్లు వెలుగుతాయా అని అడిగాడు. బిడ్డను ఎవరూ ఏమీ అడగలేదు. దుకాణదారు డెమో బటన్ నొక్కగానే పాట దానంతట అదే మోగింది. "గిదే కావాలె" అన్నాడు బావ.

నేర్పే సారు ముందు బిడ్డ నాలుగు రోజులు కూర్చుంది. తర్వాత కీబోర్డు మీద మా అమ్మ తువ్వాల కప్పింది.

బిడ్డ ఏడో పుట్టినరోజుకు చుట్టాలంతా దిగారు. వాయించమన్నారు. బిడ్డ తువ్వాల తీసి, డెమో నొక్కి, మీటల మీద గాల్లో వేళ్లు ఆడించింది. ఒక్క వేలూ మీటను తాకలేదు. పక్కనే ఉన్న నాకు కనిపిస్తూనే ఉంది.

"ఏడాదిల ఎంత మంచిగ నేర్చిందో సూడుండ్రి" అంటూ మా బావ వీడియో తీశాడు. మధ్యలో ముక్కు దురదపెడితే బిడ్డ రెండు చేతులూ తీసి గోక్కుంది. పాట సాగింది. చప్పట్లూ సాగాయి. గాడిదలకేం తెలుసు గంధపు వాసన అని లోపల తిట్టుకుంటూ నేనూ కొట్టాను.

పాట ఆగాక బిడ్డ వచ్చి నా చెవిలో అంది: "డాడీ, నాకు రాదని ఎవ్వలకు చెప్పకు."