ఒక పిల్ల ఎక్కువైంది

మా బడి కెన్యాలో కితూయి ఊరి దగ్గర. మూడో తరగతి చెప్పే స్యోంబువా, నేనూ పన్నెండేళ్లుగా కలిసి పనిచేస్తున్నాం. పిల్లల్ని నైరోబీ చూపించడానికి తీసుకెళ్దామని ఎప్పుడు అన్నా ఆమె తల అడ్డంగా ఊపేది. ఎనిమిదేళ్ల వయసులో ఆ నగరం నడిబొడ్డున, బస్సుల రద్దీలో, అమ్మ చెయ్యి వదిలేసి తప్పిపోయిందట. బొప్పాయి ముక్కలు అమ్మే ఒక ముసలామె సాయంత్రం దాకా తన బుట్ట పక్కన కూర్చోబెట్టుకుంది. "నువ్వు కదలకు. మీ అమ్మ ఇక్కడికే వస్తుంది" అందట. అలాగే వచ్చింది. అయినా ఆ భయం స్యోంబువాలో ఉండిపోయింది.

ఈ ఏడాది పిల్లలే ఆమెను ఒప్పించారు. లిఫ్టు అంటే ఏమిటో పుస్తకంలో చదివి, "టీచర్, అందులో నిలబడితే కాళ్లు కింద ఉండిపోవా?" అని ఒకడు అడిగాడు. మర్నాడే ఆమె బస్సు మాట్లాడమంది.

ఇరవై ముగ్గురు పిల్లలు, అందరికీ ముదురు ఎరుపు స్వెట్టర్లు. ఇద్దరిద్దరు చేతులు పట్టుకోవాలి. జత దొరకని మ్వెండే అనే పిల్ల స్యోంబువా చెయ్యి పట్టుకోవాలి. పొద్దున పాత రైలింజన్లు ఉంచిన మ్యూజియానికి వెళ్లాం. పిల్లలు ఇంజన్ల మీదకెక్కి కూతలు పెట్టారు. అక్కడ ఇంకా చాలా మంది పిల్లలున్నారు. బయల్దేరేటప్పుడు స్యోంబువా ఒక చేత్తో నీళ్ల డబ్బా, ఇంకో చేత్తో చపాతీల బుట్ట పట్టుకుంది. అక్కణ్నుంచి ఎత్తయిన గుండ్రటి మేడకు నడిచాం. లిఫ్టులో ఎవరి కాళ్లూ కింద ఉండిపోలేదు.

పైకప్పు మీద గాలి ఈడ్చి కొడుతోంది. స్యోంబువా డబ్బా, బుట్ట దించి, ఖాళీ అయిన తన చేతుల వంక చూసుకుంది.

"క్యాలో! మ్వెండే ఏది?" అని నన్నడిగింది.

గబగబా లెక్కపెట్టాను. ఇరవై నాలుగు. మళ్లీ పెట్టాను. ఇరవై నాలుగే.

"లెక్క కూడా రాదా నీకు? జరుగు" అని ఆమె ఒక్కొక్క తలా ముట్టుకుంటూ వెళ్లింది. వరుస చివర మ్వెండే ఉంది. దాని చెయ్యి పట్టుకుని, అదే రంగు స్వెట్టరులో, ఐదేళ్ల పిల్ల ఒకటి ఉంది. మాకు తెలియని పిల్ల.

"ఎవరే ఇది?"

"ఆపియో, టీచర్. రైలింజన్ దగ్గర కలిసింది. దానికీ జత లేదు, నాకూ లేదు. అందుకే పట్టుకున్నా" అంది మ్వెండే.

స్యోంబువా నేల మీద చతికిలబడింది. మరుక్షణమే లేచింది. కాపలా అతను పిల్లను పోలీసు స్టేషనులో అప్పజెప్పమన్నాడు.

"అన్నా, మీరు ఫోన్ చేసి చెప్పండి. మేం మాత్రం రైళ్ల దగ్గరికే వెళ్తాం. తల్లి అక్కణ్నుంచి కదలదు" అంది స్యోంబువా.

"కదిలితే?" అన్నాను.

"కదలదన్నానా!"

మిట్టమధ్యాహ్నం, తోపుడు బళ్ల మధ్య నుంచి, ఇరవై నలుగురిని పరుగులాంటి నడకతో తీసుకెళ్లాం. ఆపియో స్యోంబువా చంకలో హాయిగా చపాతీ తింటోంది.

మ్యూజియం గేటు ముందు జనం మూగి ఉన్నారు. మధ్యలో ఒకామె, ఒక కాలికే చెప్పు, గొంతు బొంగురుపోయి పిలుస్తోంది. మమ్మల్ని చూసి ఎవరో అరిచారు: "అదిగో, పిల్లను ఎత్తుకుపోయింది వీళ్లే!"

జనం మా మీదికి వచ్చారు. స్యోంబువా ఆగలేదు. వాళ్ల మధ్య నుంచే వెళ్లి పిల్లను తల్లి చేతుల్లో పెట్టింది.

"తప్పు నాదే అక్కా. బయల్దేరేటప్పుడు లెక్కపెట్టుకోలేదు. పెట్టుకునుంటే నీకు ఈ ఏడుపు ఉండేది కాదు."

తల్లి పిల్ల ఒళ్లంతా తడిమి చూసింది. వీపు మీద ఒకటి చరిచింది, మళ్లీ హత్తుకుంది. అప్పుడు ఎర్ర స్వెట్టర్ల వరుసకేసి చూసింది.

"ఇంతమంది చాలక నాదాన్ని కూడా పట్టుకుపోయావా తల్లీ?" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. ఆ మాటకు జనం కూడా నవ్వేసి ఎవరి దారిన వాళ్లు వెళ్లారు.

ఆపియో ఇంటికి రానని మొరాయించింది. మ్వెండే చెయ్యి వదలదు. చివరికి తల్లి అందరికీ కాల్చిన మొక్కజొన్న పొత్తులు కొని, విరిచి పంచింది. పాత ఇంజను నీడలో కూర్చుని తిన్నాం.

స్యోంబువా బూట్లు విప్పి కాళ్లు బారజాపింది. పొద్దుటి నుంచి మొదటిసారి నిండా ఊపిరి తీసుకుంది.

"క్యాలో, అంత పైకెక్కి నేనేమీ చూడలేదు. ఏం కనిపించిందర్రా అక్కణ్నుంచి?"

పిల్లలు ఒకరి మీద ఒకరు అరిచారు. రైలు కనిపించిందన్నారు. మసీదు కనిపించిందన్నారు. ఒకడు మన ఊరే కనిపించిందన్నాడు, మిగతావాళ్లు వాణ్ని పట్టుకు వెక్కిరించారు.

"ఒక మేడ మీద ఒకాయన చొక్కాలు ఆరేసుకుంటున్నాడు టీచర్. నేను చెయ్యి ఊపితే ఆయనా ఊపాడు" అంది మ్వెండే.

"నిజంగానా?" అంది స్యోంబువా, మొక్కజొన్న గింజలు ఒలుచుకుంటూ. "ఎన్ని చొక్కాలు?"