గ్లెనిస్ ట్రైలర్ వెనక్కి పెట్టిన రోజు

ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న వారగల్ ఊళ్ళో గ్లెనిస్ చేత జుట్టు కత్తిరించుకోని ఆడమనిషి లేదంటే నమ్మండి. కత్తెర ఆడుతున్నంతసేపూ నోరూ ఆడేది. అలాంటి మనిషి మొగుడు నెవిల్ పోయాక ఆర్నెల్లు నోరు మెదపలేదు. చలికాలం రాగానే మాత్రం కారు వెనక మడత గుడారం ఉండే క్యాంపర్ ట్రైలర్ తగిలించుకుని, ఒక్కర్తీ వెచ్చగా ఉండే ఉత్తరానికి బయల్దేరింది. ఏటా ఇద్దరూ కలిసి పోయే దారే. దారి పొడుగునా నెవిల్ వైపు చుట్టాలు. ఎవరి పెరట్లో వాళ్ళు కాస్త చోటిస్తే చాలు, మొగుడూ పెళ్ళాం గుడారం విప్పుకుని పడుకునేవాళ్ళు.

అయితే ఆవిడకో భయం ఉంది, ఎవరికీ చెప్పలేదు. ట్రైలర్‌ని ముందుకు ఎంత దూరమైనా లాగగలదు గానీ, వెనక్కి పెట్టడం రాదు. అది నెవిల్ పని. స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలర్ ఎడమకు పోతుంది కదండీ, అక్కడే ఆవిడ బుర్ర తిరిగిపోయేది. అందుకే డబ్బో అనే ఊళ్ళో నెవిల్ పినతండ్రి కొడుకు ఇంటి దగ్గర పొలంలోంచి నేరుగా లోపలికి వెళ్ళి, చుట్టూ తిరిగి నేరుగా బయటికి వచ్చేసింది. చార్లెవిల్‌లో ఆడపడుచు కోరల్ ఇంట్లో ఆ పప్పులేం ఉడకవు. నీళ్ళ ట్యాంకుకీ నిమ్మచెట్టుకీ మధ్య సన్నటి సందు. వెనక్కి పెట్టాల్సిందే.

ఆ భయం కన్నా పెద్దది ఇంకోటుంది. ముందురోజు ఫోన్లో కోరల్, "వదినా, నీకు గది సర్దేశాను. హాయిగా లోపలే పడుకో," అంది. గదా! ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎప్పుడూ గదివ్వలేదు. "మీ బండి ఎక్కడో ఓ చోట పెట్టుకుని తగలడండి," అనేవాళ్ళు. అన్న పోయాడు, వదిన ఇక పరాయి చుట్టమైపోయింది కాబోలు అనుకుని, గ్లెనిస్ దారంతా ముక్కు చీదుకుంటూనే వచ్చింది.

కారు ఆగీ ఆగకముందే కోరల్ పరుగెత్తుకొచ్చి కావలించుకుంది. ఆవిడ పెద్దన్న ఆర్చీ, ఎనభై దాటినా నోటి పదును తగ్గని మనిషి, టోపీ తీసి మరీ, "రామ్మా. తాళాలివ్వు, నేను లోపల పెట్టిస్తాలే," అన్నాడు. ఆర్చీ టోపీ తీశాడంటే ఎంత మర్యాదో చూడండి! గ్లెనిస్ గుండె జారిపోయింది.

"నేనే పెడతాను బావగారూ," అంది.

ఆ ఇంటి తీరు ఒకటుంది. ఎవరు ట్రైలర్ వెనక్కి పెడుతున్నా, ఇంటిల్లిపాదీ మడత కుర్చీలు వేసుకుని, చేతిలో చల్లటి బీరుతో కూర్చుని ఎగతాళి చేస్తారు. అడగందే సాయం చెయ్యరు. బయటివాళ్ళనైతే మాత్రం పల్లెత్తు మాటనరు. ఇవాళ కుర్చీలు వేశారు, కూర్చున్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

మొదటిసారి ట్రైలర్ కారుకి అడ్డంగా తిరిగిపోయింది. నిశ్శబ్దం. ముందుకు లాగి మళ్ళీ వెనక్కి తోసింది. ట్యాంకు వైపు పోయింది. నిశ్శబ్దం. మూడోసారి టైరు కింద ఏదో ఫట్‌మంది.

ఆర్చీ ఇక ఉండబట్టలేకపోయాడు. "ఒసే, అది గుమ్మడికాయే! దాని మీద ఎక్కించమని ఎవరు చెప్పారే నీకు?"

"అన్నయ్యా! నోర్ముయ్. పాపం, వదిన..." అంది కోరల్.

గ్లెనిస్ కిటికీలోంచి తల బయటపెట్టింది. కళ్ళనిండా నీళ్ళు. "పాపం గీపం ఏంటి కోరల్! తిట్టనివ్వు. ఆర్నెల్లయింది నన్నెవరైనా తిట్టి. మీరు కూడా మర్యాద చేస్తే నేనెక్కడికి పోను?"

కోరల్ చేతిలో బీరు కింద పెట్టింది. తర్వాత కుర్చీలోంచి లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది. "అయితే విను. మా పెరడంతా తొక్కి చంపావు కదే! మా నెవిల్ అన్నయ్య అయినా చెట్టొక్కటే గుద్దేవాడు. ఎడమకి తిప్పు! ఎడమకే తల్లీ! అది ఎడమంటావా, నీ మొహం!"

"కళ్ళజోడు ఇంట్లో మరిచొచ్చిందేమో చూడవే," అన్నాడు ఆర్చీ.

గ్లెనిస్ పకపకా నవ్వుతూనే ఎడమకి తిప్పింది, మళ్ళీ కుడికి తిప్పింది. ఎలా కుదిరిందో ఏమో, ట్రైలర్ సందులోకి దూరి కూర్చుంది.

ఆర్చీ చుట్టూ తిరిగి చూశాడు. "వంకరగా ఉంది. వాడు పెట్టినట్టే ఉంది," అని మొహం అటు తిప్పేసుకున్నాడు.

కోరల్ కారు తలుపు పట్టుకుని, "గది సర్దింది నిన్ను చుట్టాన్ని చెయ్యడానికి కాదు వదినా. అన్నయ్య లేకుండా ఆ గుడారంలో పడుకోలేక, అసలు రావడమే మానేస్తావేమోనని భయమేసింది," అంది.

"పిచ్చిమొహమా! రావడం మానేస్తే నాకు మిగిలిందెవరే?"

సాయంత్రం పగిలిన గుమ్మడికాయని గ్లెనిస్ చేతికే ఇచ్చారు. స్కోన్లనే గుమ్మడి రొట్టెలకి కోసి ఉడకబెట్టాల్సింది నువ్వేనన్నారు. ఆవిడ వంటింటి బల్ల దగ్గర కూర్చుని తొక్క తీస్తూ, కత్తి మొద్దుబారిందని, ముక్క గట్టిగా ఉందని, మళ్ళీ ఎప్పటిలా ఆపకుండా మాట్లాడుతోంది. ఆర్నెల్ల బాకీ అంతా తీర్చేస్తోంది. లోపల మాత్రం, నెవిల్ పోతూ పోతూ వీళ్ళని నాకు వదిలి వెళ్ళాడు, అదే పదివేలు అనుకుంటోంది.

ఆర్చీ గుమ్మంలోంచి తొంగిచూసి, "వచ్చే ఏడు ఆ గుమ్మడి తీగని కంచె మీదకి పాకిస్తాను. నువ్వెలాగూ వస్తావుగా," అన్నాడు.