కటింగ్ బల్ల కింద మూత

మెడలో టేపు లేకుండా ఆవిడని చూసినవాళ్లు ఆ కాలనీలో ఎవరూ లేరు. కూరగాయలకి వెళ్లినా, ఆసుపత్రిలో ఎవరినైనా పలకరించడానికి వెళ్లినా, పసుపురంగు టేపు అలా వేలాడుతూనే ఉంటుంది. అందుకే అసలు పేరు ఏనాడో పక్కకిపోయి 'టేపత్త' మిగిలింది. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన సొంత మొగుడే తన ఫోన్లో ఆవిడ నంబరుని ఆ పేరుతో పెట్టుకున్నాడు.

ఇంటి వెనక గదిలో ఆవిడ బడి యూనిఫాంలు కుడుతుంది. కాలనీలో పెరిగిన పిల్లల్లో చాలామంది ఆవిడ కుట్టిన చొక్కాతోనే అక్షరాలు దిద్దారు. పిల్లలు ఎదుగుతారని లోపల మడత ఎక్కువ వదిలి కుట్టడం ఆవిడ అలవాటు. మరుసటి ఏడు విప్పితే చాలు, అదే చొక్కా మళ్లీ సరిపోతుంది. ఇంకో అలవాటుంది. తన కుట్టులో వంకర కనబడితే ఎక్కడున్నా సరే అక్కడే విప్పేస్తుంది. ఒకసారి బడికి పరిగెడుతున్న పిల్లాణ్ణి నడిరోడ్డు మీద ఆపి, జేబు ఊడదీసి, బొడ్లోంచి సూదీ దారం తీసి మొదలుపెట్టింది.

"అత్తా, గంట కొట్టేస్తున్నారు!"

"కొట్టనీరా. ఈ వంకర జేబేసుకుని అక్కడికెళ్లి ఏం చదువుతావు?"

పిల్లాడికి ఆ రోజు మొదటి క్లాసు పోయింది. వాళ్లమ్మ వచ్చి దెబ్బలాడింది కూడా. టేపత్త అన్నీ విని, "జేబు ఎలా ఉంది?" అని అడిగింది.

ఇలాంటి మనిషి ఓ కంపెనీతో తలపడాల్సివచ్చింది.

కాలనీకి కొళాయి నీళ్లిచ్చే ప్రైవేటు కంపెనీ ఒక ఉదయం వీధి మొగలో బోర్డు పెట్టింది. ఇకమీదట ఇంటింటి మురుగు ఒకే భూగర్భ పైపులోకి పోతుంది. ప్రతి ఇల్లూ అందులో కలిసి తీరాలి. పెరట్లోని సెప్టిక్ ట్యాంకుల్ని ఇసకతో పూడ్చేస్తారు. మురుగుని ఎత్తిపోసే పంపింగ్ స్టేషన్ బడి పక్కనున్న ఖాళీ స్థలంలో వస్తుంది. నెలనెలా బిల్లొస్తుంది.

కాలనీ భగ్గుమంది. బడి పక్క స్థలంలోనే పిల్లలు ఆడుకుంటారు. వీధులన్నీ తవ్విపోస్తే మళ్లీ పూడ్చేదెవరో తెలియదు. అన్నిటికీ మించి, అడక్కుండా తమ పెరట్లోకి వస్తున్నారన్న మంట. కంపెనీ వాదన మాత్రం తీసిపారేయదగింది కాదు. ఈ ట్యాంకులు పాతవి, వాటిలో కొన్ని కారుతుంటాయి, భూమిలో నీళ్లు పాడవుతాయి అంటుంది.

మొదటి సమావేశం బడి హాల్లో జరిగింది. కంపెనీ తరఫున ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. మర్యాదస్తుడు. మెత్తగా మాట్లాడతాడు. "ఏళ్ల తరబడి నిండని ట్యాంకు ఏదైనా ఉంటే, ముందు దాన్నే అనుమానించాలండీ," అంటూ ఏదో వివరించబోయాడు. ముందు వరసలోంచి టేపత్త లేచింది.

"మా ట్యాంకు ఇల్లు కట్టినప్పటినుంచి ఖాళీచేసే బండి మొహం చూడలేదు బాబూ! అంత బాగా కట్టించుకున్నాం. ముందు నీ కాలరు చూసుకో, అంచు చిరిగి పీచు లేస్తోంది. తిరగేసి కుట్టించుకో. మా ట్యాంకుల సంగతి తర్వాత చూద్దువుగాని."

హాలంతా గొల్లుమంది. ఇంజనీరు కూడా నవ్వేశాడు. ఆ నవ్వుల్లో ఆయన చెప్పబోయింది కొట్టుకుపోయింది. ఎదుటివాళ్ల మాట పూర్తికానివ్వడం ఆవిడకి ఎప్పుడూ చేతకాదు.

ప్రజాభిప్రాయ సేకరణకి తేదీ పడింది. విచారణాధికారి వస్తాడు, రెండువైపులా వింటాడు, నిర్ణయం చెబుతాడు. అక్కడ అరిస్తే లాభం లేదని కాలనీలో ముందు గ్రహించింది టేపత్తే.

"మన ట్యాంకులు బాగున్నాయని నోటితో చెబితే ఎవరు నమ్ముతారు? మూతలెత్తి చూపిద్దాం. అన్ని ఇళ్లవీ," అంది.

బ్యాంకులో పనిచేసి దిగిపోయిన కాలనీ సెక్రటరీకి ఆలోచన తెగ నచ్చింది. సెప్టిక్ ట్యాంకులు ఖాళీచేసే బండి డ్రైవర్ని పిలిపించారు. ఆయన మూత ఎత్తి, టార్చి వేసి, గోడలు కర్రతో తట్టి చూస్తాడు. సరిగ్గా ఉంటే మూత మీద తెల్లరంగుతో గుర్తు పెడతారు. నిండిన ట్యాంకుల్ని అప్పటికప్పుడు ఖాళీ చేయిస్తారు.

టేపత్త ముందు నడిచింది. ఒకరు మూత మీద స్కూటరు నిలబెట్టారు, దాని తాళం ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంకొకరింట్లో మూత మీద కుక్క పడుకుంది.

"అది ఇంకెక్కడా పడుకోదు పిన్నీ," అంది ఆ ఇంటి కోడలు.

"అయితే దాన్నే సెక్రటరీని చేద్దాం. ఉన్నాయన కన్నా కదలకుండా కూర్చుంటుంది."

"నేనిక్కడే ఉన్నానండీ," అన్నాడు వెనకనించి సెక్రటరీ.

మూత మీద సిమెంటు తొట్లు పేర్చి పూలమొక్కలు పెంచుకున్న ఇంటాయన మీద మాత్రం విరుచుకుపడింది. "అసలు కింద మూతుందన్న సంగతైనా గుర్తుందా తమరికి? ఇల్లు కట్టగానే సరా? కింద ఏముందో చూసుకోవద్దూ?"

ఆయన నోరెత్తకుండా తొట్లు దించాడు.

ఆ వీధి చివర, వాలులో, టేపత్త ఇంటికి ఆనుకుని దిగువన ఒక పెద్దావిడ ఉంటుంది. వరసకి వదిన. పెరట్లో ఓ బావి, బావి పక్కన గుమ్మడిపాదు ఆవిడ ఆస్తి. అంతవరకూ గోడకానుకుని వేడుక చూస్తున్న వదిన ఉన్నట్టుండి అడిగింది.

"ఊరందరి మూతలూ ఎత్తించావు బాగానే ఉంది. మీ మూతేదే?"

టేపత్త తన ఇంటివైపు చూసింది. చెయ్యి టేపు మీదికి పోయింది.

వెనక గది వేసిన రోజులు అప్పుడు గుర్తుకొచ్చాయి. బళ్లు తెరిచే ముందు, నెత్తిమీద పని. "అమ్మా, ట్యాంకు మూత గదిలోకి వచ్చేస్తోంది, ఏం చెయ్యమంటారు?" అని మేస్త్రీ అడిగాడు. తల ఎత్తకుండా, "ఏదో ఒకటి చెయ్యి నాయనా, నాకు బల్ల పడితే చాలు," అంది. అతను మూత మీదుగా గచ్చు చేసేశాడు. దాని మీద కటింగ్ బల్ల వేసుకుంది. అంతే, మూత మనసులోంచి కూడా పోయింది. ఇన్నేళ్లూ ఆ బల్ల దగ్గర నిలబడే గుడ్డలు కత్తిరించింది. బండి మొహం చూడని ట్యాంకని గొప్పలు చెప్పుకుంది. బండి వస్తే మాత్రం గొట్టం ఎక్కడ దింపుతారు?

కుర్ర ఇంజనీరు మాట చెవిలో మోగింది. నిండని ట్యాంకు.

సాయంత్రం సెక్రటరీ ఇంటికొచ్చాడు. కుర్చీ చివర కూర్చుని గొంతు తగ్గించాడు. "అమ్మా, తొందరపడకండి. విచారణ అయ్యాక తవ్వుకుందాం. ఇప్పుడు పగలగొట్టాక లోపలేదైనా తేడా ఉందనుకోండి, కంపెనీవాళ్లు దాన్నే పట్టుకుంటారు. మీ ఒక్క ఇంటి కోసం కాలనీ మొత్తం మునుగుతుంది."

"ఆయన చెప్పింది సబబుగానే ఉంది," అన్నాడు ఆవిడ మొగుడు. "పైగా గది నిండా గుడ్డలు. బళ్లు తెరిచే టైము. ఎక్కడ కుడతావు?"

నిజమే. గదిలో కాలు పెట్టే చోటు లేదు. కత్తిరించిన చేతులొకవైపు, కాలర్లొకవైపు. ఇక కాలనీ సంగతంటారా, జనాన్ని ఇంత దూరం లాక్కొచ్చింది తనే. ఆ గచ్చు కింద కారుతుంటే, తన నోటితోనే అందరినీ ముంచినట్టవుతుంది. కారకపోతే ఏ గొడవా లేదు. చూడకపోతే అసలే లేదు.

టేపత్త లేచి, బల్ల మీది కత్తెర తీసి పక్కన పెట్టింది. తర్వాత, "పొద్దున పూలతొట్లాయన్ని నలుగురిలో కడిగేశాను," అంది.

"అయితే?"

"అయితే ఏముంది? బల్లకి అటుపక్క పట్టుకోండి."

మర్నాడు వీధిలో వెళ్లేవాళ్లకి టేపత్త మిషను వాకిట్లో కనబడింది. లోపల సమ్మెట దెబ్బలు, బయట మిషను చప్పుడు. సిమెంటు దుమ్ము గుడ్డలమీద పడకుండా ఆవిడ మొగుడు దుప్పటి పట్టుకుని నిలబడ్డాడు. గచ్చు లేచింది. మూత లేచింది. బండి డ్రైవరు బోర్లా పడుకుని టార్చి వేశాడు. అడుగున గట్టిపడిన బురద, దాని పైన కొద్దిగా నీళ్లు. వాలువైపు గోడలో నిలువునా వేళ్లు దూరేంత పగులు. వాలు దిగువన వదిన బావి.

చుట్టూ చేరినవాళ్లంతా వంగి చూశారు. వదినే ముందు నోరు విప్పింది.

"నా గుమ్మడిపాదు గోడెక్కి, కప్పెక్కి, కరెంటు తీగదాకా ఎందుకు పాకిందో ఇప్పుడు తెలిసింది!"

ఆ పాదు కాయలు ఏటా వీధి వీధంతా పంచుతుంది ఆవిడ. అందరికన్నా పెద్దకాయ సెక్రటరీగారింటికే వెళ్తుంది. ఆయన మొహం పాలిపోయింది.

"వదినా, నీ బావి..." అంది టేపత్త.

"బట్టలకీ మొక్కలకీ తప్ప ఆ నీళ్లు నేను వాడను, నీకు తెలుసు. పరీక్ష చేయించేదాకా అవీ మానేస్తాలే. గోడ కట్టించు ముందు." ఆగి, మెల్లగా అడిగింది. "ఈ సంగతి అక్కడ చెబుతావా?"

"చెప్పకపోతే నువ్వు చెప్పవూ?"

"నా నోటివెంట రాదు. నీమీద ఒట్టు."

"అందుకే నేను చెప్పాలి," అంది టేపత్త.

విచారణ రోజు హాల్లో నిలబడే చోటు లేదు. సెక్రటరీ మూతల సంగతి గొప్పగానే చెప్పాడు, ఒక్క ఇంటి ప్రస్తావన మాత్రం జాగ్రత్తగా దాటేశాడు. కంపెనీ లాయరు లేచి అడిగాడు.

"ఈ కాలనీలో ఒక్క ట్యాంకు కూడా కారడం లేదని మీలో ఎవరైనా చెప్పగలరా?"

టేపత్త లేచింది. "చెప్పలేమండీ. ఒకటి కారింది. అది నాదే."

సెక్రటరీ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. లాయరు మొహం వెలిగింది. "అంటే మా కంపెనీ చెప్పిందే నిజమన్నమాట."

"మీరు కాదు, అదిగో ఆ అబ్బాయి చెప్పాడు. నిండని ట్యాంకుని అనుమానించమని మొదటిరోజే చెప్పాడు. నేను విననివ్వలేదు. ఆయన కాలరు మీద జోకులేశాను. తప్పు నాది." గచ్చు సంగతి, బల్ల సంగతి, పగులు సంగతి ఏదీ దాచకుండా చెప్పింది. గుమ్మడికాయల దగ్గర విచారణాధికారి కూడా నవ్వు రాకుండా పెదవి బిగపట్టుకున్నాడు. "కానీ బాబూ, పిల్లాడి చొక్కా మోచేతి దగ్గర చిరిగితే మోచేతికే అతుకేస్తాం. క్లాసులో అందరి చొక్కాలూ విప్పించి, అందరికీ కలిపి ఒకటే చొక్కా కుట్టం. నా గోడ మళ్లీ కట్టించాను. మిగతావన్నీ ఎత్తి చూశాం. ప్రతి ఏడూ ఎత్తుతాం. మీరే వచ్చి చూడండి. ముందు మా ఇంటికే రండి."

నవ్వులు సద్దుమణిగాక విచారణాధికారి ఇంజనీరుని అడిగాడు. "మీరేమంటారు?"

కుర్రాడు లాయరు వైపు చూడకుండా లేచాడు. దిగువన కాలవ పక్కనున్న ఇళ్లకి పైపు తప్పనిసరి అన్నాడు. అక్కడ గుంత తవ్వితే చాలు నీళ్లూరుతాయి, ఏ ట్యాంకూ నిలవదు. ఈ కాలనీ మెరక మీదుంది. ట్యాంకుల్ని వదిలేయకుండా చూసుకుంటే ఇప్పటికిప్పుడు పైపు అవసరం లేదు. "చూసుకుంటే," అని మళ్లీ నొక్కి చెప్పాడు. ఈసారి హాలు నిశ్శబ్దంగా విన్నది.

కొన్నాళ్లకి నిర్ణయం వచ్చింది. పంపింగ్ స్టేషన్ బడి పక్కన వద్దు, దిగువ ఇళ్లకి వేరేచోట చూసుకోమన్నారు. కాలనీని ఇప్పటికి బలవంతం చేయరు. కానీ ప్రతి ఏడూ వానలకి ముందు, కంపెనీ మనిషి ఎదుట, ప్రతి మూతా లేవాలి. ఒక్క ఏడు మానేసినా పథకం మళ్లీ వస్తుంది. సెక్రటరీ దాన్ని విజయం అన్నాడు, అందరికీ టీలు పోయించాడు. "గడువిచ్చారండీ, అంతే," అంది టేపత్త, తన టీ తాగుతూనే.

వెనక గది ఇప్పుడు ఇరుగ్గా ఉంటుంది. కటింగ్ బల్ల గోడవారకి పోయింది. గచ్చు మధ్యలో ఇనప మూత, దానికి కొక్కెం. ఎంత పని మీదున్నా దాని మీద గుడ్డ ముక్క కూడా పెట్టనివ్వదు. కొలతలకొచ్చిన పిల్లలు మాత్రం దాని మీదే నిలబడతారు.

మరుసటి ఏడు వానలకి ముందు ఇంజనీరు వచ్చాడు. టేపత్త తనే కొక్కెం పట్టి మూత లేపింది. ఆయన వంగి చూశాడు, టార్చి వేశాడు, గోడలన్నీ తట్టాడు. కొత్త గోడ గట్టిగా ఉందన్నాడు. అడుగున బురద పేరుకుంటోంది, వచ్చే ఏడు బండి పిలిపించాలన్నాడు. పక్క బావి నీళ్లు మళ్లీ పరీక్షకి పంపితే మంచిదన్నాడు. వాలువైపు నేల ఎలా కుంగుతుందో చేతులు తిప్పుతూ వివరించాడు. టేపత్త మూత పక్కనే నిలబడి, టేపు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, ఆయన చెప్పేదంతా అయిపోయేదాకా ఆగింది.

"అయిందా బాబూ?"

"అయిందండీ."

"ఇంకేమీ లేదుగా?"

"లేదండీ."

"అయితే ఆ చొక్కా విప్పి ఇలా ఇవ్వు," అంది. "ఏడాదినుంచి చూస్తున్నాను ఆ కాలర్ని."