మిరప టిక్కీలో నల్లోడు

ఆ రోజుల్లో కుక్కలకు హాస్టళ్లు లేవు. ఉన్నా మా నల్లోడు అందులో ఉండేవాడు కాదు, నేను ఉంచేవాణ్ణీ కాదు. మనవరాలి పెళ్ళికి పోతూ ఇప్పుడున్న కుక్కను గుంటూరులో అలాంటి చోట వదిలేద్దామని మావాళ్ళంటే, "అదక్కడుంటే నేనూ అక్కడే ఉంటా, తాళి కట్టేది నాకు ఫోన్లో చూపించండి" అని కుర్చీలోంచి కదల్లేదు. ఈ మొండితనం ఇవాళ్టిది కాదు. ఇరవయ్యో ఏట గురజాల నుంచి నరసరావుపేటకు కుక్కను బస్సులో తీసుకెళ్ళి, దింపమన్న కండక్టరుతో "దింపితే ఇద్దర్నీ దింపు" అని ఎదురు నిలిచినవాణ్ణి నేను. బస్సు బస్సంతా చప్పట్లు కొట్టింది. (చప్పట్లు కొట్టలేదు. ముందే చెప్పేస్తే నాకూ తేలిక.)

నాకు నరసరావుపేట జిన్నింగు మిల్లులో గుమాస్తా పని దొరికింది. అక్క అత్తగారి ఊరు అదే కనుక నన్ను వెంటబెట్టుకు పోవడానికి తనే వచ్చింది. చిక్కల్లా నల్లోడితోనే. అంతకు వారం ముందే వాడు పక్కింటి బాబాయి పందెం పుంజును, అదీ గెలిచి వచ్చినదాన్ని, పీక పట్టి చంపాడు. బాబాయి గోడ మీదుగా నవ్వుతూ, "నువ్వు బస్సెక్కరా అబ్బాయ్, పిడుగురాళ్ల చేరేలోపు దాని సంగతి నేను చూస్తా" అన్నాడు. ఆయన కోపంగా అంటే భయం లేదు. నవ్వుతూ అన్నాడంటే చేసి తీరతాడు. అమ్మేమో, "నేను కోతలకు పోతే దానికెవురు కాపలా?" అంది. వదిలిపోతే నల్లోడు దక్కడు.

"తాడు కట్టి తీసుకురా, కండక్టర్ని బతిమాలుకుందాం" అంది అక్క. బతిమాలటమా? నేనా? కల్లంలో పడున్న ఖాళీ మిరప టిక్కీని, అంటే కాయలు తొక్కే పెద్ద గోనెసంచిని, మూడుసార్లు దులిపి, గాలికి రెండు చిల్లులు పెట్టి, వాణ్ణి అందులో కూర్చోబెట్టాను. మూడు దులుపులకు ఘాటు పోయిందనుకున్నాను. పుట్టిన్నాటి నుంచీ మిరపకోరులో, ఆ కారపు దుమ్ములో, పెరిగిన నా ముక్కుకు అంతకంటే ఏం తెలుస్తుంది?

పిడుగురాళ్ల దాటగానే సీటు కింద నుంచి ఓ తుమ్ము వినిపించింది.

పక్కనున్న ముసలమ్మ కాళ్ళు పైకి తీసుకుంది. "ఏందయ్యా, నీ టిక్కీ తుమ్మింది?"

"మిరపకాయలు పెద్దమ్మా."

"మిరపకాయలు తుమ్మిస్తాయి గానీ, అయ్యే తుమ్ముతాయా?"

అంతలో లోపల నల్లోడు ఒళ్ళు విదిలించాడు. చిల్లుల్లోంచి ఎర్రటి కోరు లేచింది. ముసలమ్మ తుమ్మింది, వెనక సీటు తుమ్మింది, ఆఖరికి డ్రైవరు తుమ్మి బస్సాపాడు. కండక్టరు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "ఎవుడిదిరా ఈ టిక్కీ?" అన్నాడు.

నేను లేచాను. ఛాతీ విరిచి... సరే, లేవడానికి కాస్త ఆలస్యమైంది. కళ్ళనిండా కారం. దానికితోడు పదింటికల్లా మిల్లులో లేకపోతే షావుకారు ఇంకొకణ్ణి పెట్టుకుంటాడన్న దిగులు. ఈ లోపల అక్క లేచి, "నాదే, ఏం?" అని టిక్కీని చంకన పెట్టుకుని దిగిపోయింది. వెనకే నేనూ దిగాను. నాపరాళ్ళ లారీ ఒకటి దొరికితే పట్టుకుని సాయంత్రానికి ఊరు చేరాం. దుమ్ముకు నల్లోడు తెల్లోడయ్యాడు. ఆ తర్వాత పదేళ్ళు మిల్లు గేటు దగ్గర నాకోసం కాచుకుని కూర్చున్నాడు.

ఆ ఇరవయ్యేళ్ళవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. టిక్కీని దులిపినంత ధైర్యంగా సీటులోంచి లేచి ఉంటే బావుండేది. అప్పుడు లేవనందుకే కాబోలు, ఇప్పుడీ కుర్చీలోంచి లేవనంటున్నాను.

పెళ్ళికని వచ్చిన అక్కకు ఇదంతా చదివి వినిపించాను. ఎనభై దాటినా చెవులు బానే పనిచేస్తున్నాయి.

"నువ్వు యాడ దిగావురా? మొహం కిటికీ వైపు తిప్పుకున్నావు, బస్సు పోయింది. సాయంత్రం నేను నల్లోడితో లారీ దిగితే, వాడు నిన్ను చూసి తోకాడించాడు. వాడికీ సిగ్గు లేదు, నీకూ లేదు. అది రాయి."